మజిలీలో కుక్కల డాక్టరమ్మ

కుక్కను పరీక్ష చేసేటప్పుడు అగ్రఫీనా చేతికి తొడుగు ఉంచుకోదు. మైనస్ ముప్పై చలి ఉన్నా, నది మీంచి వచ్చే గాలికి కళ్ళరెప్పలు అతుక్కుపోతున్నా అంతే. కుడిచేతి తొడుగు పళ్ళతో పట్టి లాగేసి, వొట్టి వేళ్ళు కుక్క బొచ్చులోకి పోనిస్తుంది. అవి మొద్దుబారేలోపు పని అయిపోవాలి. మణికట్టు, మోచేయి, భుజం, మళ్ళీ అవతలి కాలికి అవే. అయిపోయాక ఆ చెయ్యి ఆ కుక్క చంకలోనే దూర్చి కాసేపు వెచ్చబెట్టుకుంటుంది. "ఇక్కడ నాకిచ్చే జీతం ఇదే" అంటుంది.

నిజమే, ఇంకో జీతం లేదు. కస్కొక్విమ్ నది గడ్డకట్టాక ప్రతి ఫిబ్రవరిలోనూ జరిగే నాలుగొందల మైళ్ళ కుక్కబళ్ళ పందెంలో డాక్టర్లంతా ఊరికే వచ్చి పనిచేసేవాళ్ళే. ఒక టోపీ ఇస్తారు. అగ్రఫీనా ఇంట్లో అలాంటి టోపీలు ఇరవై రెండున్నాయి. ఆ ఎనిమిది రోజులూ పట్నంలోని తన రెండు గదుల ఆసుపత్రికి తాళం పెట్టి, సొంత ఊరు ఉక్విగాక్ మజిలీకి వచ్చేస్తుంది. ఊళ్ళో ఆమెను పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఫీనాయే.

ఆమె తండ్రి వాసిలీకి పద్నాలుగు కుక్కలుండేవి. కట్టెలు తెచ్చినా, చేపలు తెచ్చినా, పురిటి నొప్పులొచ్చిన మనిషిని పట్నం చేర్చినా అవే. తర్వాత మోటారు మంచుబళ్ళు వచ్చాయి. ఒక్కో ఇంటి వెనకా గొలుసులు ఖాళీ అవుతూ వచ్చాయి గాని వాసిలీ మాత్రం చివరిదాకా పెంచాడు. సగానికి కోసిన పీపాలో ఎండుచేపలు ఉడకబెట్టి కుక్కలకు పెట్టడం చిన్నప్పుడు ఫీనా పని. ఏ కుక్కకైనా ఒంట్లో బాగోలేదని వచ్చి చెబితే, వాసిలీ ఏమైందని అడిగేవాడు కాదు. "చెయ్యి పెట్టి చూశావా?" అనేవాడు. చూడలేదంటే వెనక్కి పంపేవాడు. ఆ పిల్ల పెద్దదై, దక్షిణాన ఎక్కడో మహానగరంలో ఎనిమిదేళ్ళు చదివి, కొన్నాళ్ళు అక్కడి పిల్లులకు మందులిచ్చి, మళ్ళీ నది దగ్గరికే వచ్చింది. ఏడాదంతా చిన్న విమానంలో ఊరూరా తిరిగి కుక్కలకు పిచ్చి రాకుండా సూదులేస్తుంది. యంత్రాలు, పరీక్షలు అన్నీ నేర్చుకుంది గాని, ముందు చెయ్యి పెట్టి చూడటం మాత్రం మానలేదు.

ఈ ఏడు ఆమెకు తోడుగా అరిజోనా నుంచి మెరెడిత్ అనే డాక్టరు వచ్చింది. ముప్పై ఐదేళ్ళ మనిషి, పని మీద శ్రద్ధ. మంచు చూడటమే రెండోసారట. మజిలీ బడి భవనంలో. వంట ఫీనా పిన్ని ఓలింకాది. మూస్ అనే పెద్ద దుప్పి మాంసం సూపు పెద్ద గిన్నెలో పొద్దుటినుంచీ మరుగుతూనే ఉంటుంది. మెరెడిత్ వేసుకున్న బట్టలు చూసి ఓలింకా పెదవి విరిచింది.

"ఈ పిల్ల ఇక్కడికి పనికొచ్చిందా, గడ్డకట్టి చూపించడానికొచ్చిందా?" అని, తన పాత బొచ్చుకోటు తెచ్చి ఆమె భుజాల మీద పడేసింది.

తొమ్మిది గంటలకు మొదటి బండి వచ్చింది. ఊరు ఊరంతా గట్టు మీదికి పరిగెత్తింది. వచ్చింది ఎఫీమ్ మరి. ఫీనా మేనత్త కొడుకు. యాభై నాలుగేళ్ళవాడు, మేనమామ వాసిలీ దగ్గరే కుక్కల పని నేర్చుకున్నవాడు. నది ఊళ్ళవాళ్ళు ఈ పందెం గెలిచి పదకొండేళ్ళైంది. నలభై, యాభై కుక్కలు పెంచే బయటివాళ్ళే తన్నుకుపోతున్నారు. పదహారు కుక్కలున్న ఎఫీమ్, అందులో పదింటిని కట్టుకుని, సగం దారిలో అందరికంటే ముందున్నాడు. గడ్డమంతా మంచు పట్టి ఉంది.

ఫీనా బండి చుట్టూ ఒకసారి నడిచింది.

"బావా, కుక్కలు పదీ బాగున్నాయి. అవి లాక్కొచ్చిన సరుకే పాడైనట్టుంది."

"పాత సరుకే మరదలా. అయినా మీ రేవుకి ముందొచ్చి చేరింది."

గట్టు మీదున్నవాళ్ళు నవ్వారు. ఆ వేళాకోళం లేకపోతేనే జనం అనుమానపడతారు, వీళ్ళిద్దరికీ ఏమైంది అని. మా నది మీద బావామరదళ్ళు ఎదురుపడితే ఒకరినొకరు ఏదో ఒకటి అనాలి. తల్లి చెప్పలేని తప్పు, పెద్దలు చెప్పలేని తప్పు కూడా మరదలు నవ్వుతూ చెప్పేస్తుంది. ఆ మాటకు కోపం తెచ్చుకున్నవాణ్ణి మనిషిగా లెక్కవెయ్యరు.

ఎఫీమ్ కుక్కలకు గడ్డి పరిచాడు. ఇక్కడ ఆరు గంటలు ఆగి తీరాలని నియమం. ముందు జోడీలో క్లచ్, పిస్టన్. ఒక ఈతలో పుట్టిన అన్నదమ్ములు. అవి పుట్టిన చలికాలమంతా ఎఫీమ్ మంచుబండి ఇంజను విప్పుకుని కూర్చున్నాడట, అందుకని ఈతలో పిల్లలన్నిటికీ ఇంజను సామాన్ల పేర్లే. రెండూ నల్లవి, రెండింటికీ రొమ్ము మీద తెల్లమచ్చ. మెడ పట్టీకి వేలాడే బిళ్ళ మీద నంబరే తేడా: క్లచ్‌ది యాభై రెండు, పిస్టన్‌ది యాభై మూడు. కుక్కలకు తొడిగే చలికోట్ల మీద మాత్రం ఎఫీమ్ భార్య నాస్తాస్యా ఎర్ర దారంతో పేర్లు కుట్టింది. బండికి దారి చూపేది క్లచ్చే. పల్చటి మంచును దూరం నుంచే వాసన పట్టి పక్కకు తిప్పేస్తుంది. పిస్టన్‌కి బలముంది గాని, అన్న మొహం చూసి పరిగెత్తే రకం.

ఫీనా మెరెడిత్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది. మూడో కుక్క గుండె వింటూ మెరెడిత్ తెల్లబోయింది.

"దీని గుండెలో తేడా ఉంది. రెండు చప్పుళ్ళ మధ్య సుయ్యిమంటోంది. దీన్ని పంపకూడదు."

ఫీనా చొక్కాలోపల వెచ్చగా దాచుకున్న గొట్టం తీసి తనూ విన్నది.

"మీ ఊరి పిల్లికైతే అది జబ్బే. దీనికి కాదు. ఈ కుక్క పుట్టినప్పట్నుంచీ చేసింది పరుగే. గుండె పెద్దదై నెత్తురు జోరుగా పారుతుంది, ఆ హోరే నువ్వు విన్నది. చిగుళ్ళు చూడు. ఊపిరి చూడు. కళ్ళు చూడు, నిన్ను చూసి తోక ఎలా ఊపుతోందో చూడు. ఇవన్నీ సరిగ్గా ఉంటే గుండెను దాని మానాన వదిలెయ్యి."

"సరిగ్గా లేకపోతే?"

"లేకపోతే ఇది మా బావ కుక్క కాదు కదా, మా నాన్న కుక్కైనా కదలనివ్వను."

ఆఖరికి క్లచ్ దగ్గరికి వచ్చింది. రెండు ముంగాళ్ళ మణికట్లూ రెండు చేతుల్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎడమది కాస్త వెచ్చగా ఉంది. వేడినీళ్ళ గ్లాసుకీ, చల్లారిన గ్లాసుకీ ఉన్నంత తేడా కూడా కాదు. నెమ్మదిగా వంచింది. క్లచ్ అరవలేదు. నాలుక ఒక్కసారి బయటికొచ్చి లోపలికి పోయింది. ఈ కుక్కలు అరవవు. అరిస్తే ఇక్కడే ఆపేస్తారని తెలిసినట్టు దాచుకుంటాయి.

"ఎడమ మణికట్టు" అంది ఫీనా.

ఎఫీమ్ తల ఎత్తలేదు. "నది మలుపు దగ్గర మంచు గడ్డలు గడ్డలుగా ఉంది. బెణికి ఉంటుంది. ఆరు గంటల్లో తగ్గిపోతుంది."

"తగ్గితే తీసుకుపో. తగ్గకపోతే ఇక్కడే వదులు. బయల్దేరే ముందు మళ్ళీ చూస్తాం."

ప్రతి బండివాడూ ఒక పుస్తకం వెంట తెచ్చుకుంటాడు. మజిలీ మజిలీకీ డాక్టర్లు అందులో రాయాలి. ఫీనా రాసింది: యాభై రెండు, క్లచ్, ఎడమ ముంగాలి మణికట్టు వెచ్చగా ఉంది, వంచితే నొప్పి.

ఎఫీమ్ ఆ మణికట్టుకు మందు రాసి, కట్టు కట్టి, కుక్కలన్నిటికీ చేపల గంజి పోసి, తడిసిన కోట్లు తెచ్చి బడి పొయ్యి మీద తాడుకు ఆరేశాడు. అప్పటికి అతను నిద్రపోయి రెండు రోజులు. బడి నేల మీద గంటన్నర పడుకున్నాడు. ఇంతలో రెండో బండి వచ్చింది. అందులో ఒక కుక్క నెత్తుటి విరేచనాలతో ఉంది, ఫీనా దాన్ని పట్టుకుని కూర్చుంది. అందుకే ఒంటిగంటకు క్లచ్‌ని చూడటానికి మెరెడిత్ వెళ్ళింది. కట్టు విప్పి, నేర్చుకున్నట్టే రెండు చేతులతో రెండు కాళ్ళూ పట్టుకుంది. వేడి పొద్దుటికంటే పెరిగింది, వాపు కూడా వచ్చింది. కట్టు మళ్ళీ వెయ్యలేదు, కాసేపు గాలి తగలనిద్దామని.

"ఇది వెళ్ళడానికి లేదు" అంది ఎఫీమ్‌తో.

ఎఫీమ్ సరే అన్నట్టు తలూపాడు. లోపలికెళ్ళి సూపు తాగాడు. కోట్లు తెచ్చి కుక్కలకు తొడిగాడు. అక్కడ జరిగింది పొరపాటు. రెండు రోజుల నిద్ర కళ్ళలో పెట్టుకున్నవాడు, ముక్కు తోక కింద దాచి ఉండల్లా చుట్టుకు పడుకున్న రెండు నల్లకుక్కలకు ఒకదాని కోటు ఇంకోదానికి వేశాడు. వెళ్ళే వేళకి 'క్లచ్' అని రాసున్న కోటు పట్టి కుక్కను విప్పి మెరెడిత్‌కి అప్పగించాడు. దాని మొహం చూడలేదు. కళ్ళలో కళ్ళు పెడితే వదలలేనని మొహం పక్కకు తిప్పుకున్నాడు. మెరెడిత్ కోటు మీది పేరు చదివి కాగితంలో రాసి, గట్టు కింద వదిలేసిన కుక్కల గొలుసుకు కట్టింది. మెడ బిళ్ళ కోటు కింద ఉండిపోయింది.

మూడింటికి ఎఫీమ్ బయల్దేరాలి. రెండూ యాభైకి ఫీనా ఆ జబ్బు కుక్కను పడుకోబెట్టి, క్లచ్‌కి కొత్త కట్టు కడదామని గొలుసు దగ్గరికి వచ్చింది. తొడుగు పళ్ళతో లాగింది. ఎడమ ముంగాలు పట్టుకుంది.

చల్లగా ఉంది.

కుడిది పట్టుకుంది. అదీ చల్లగానే ఉంది. వంచింది. కుక్క ఆ కాలు లాక్కుని ఆమె భుజం మీద వేసి మొహం నాకింది, ఆడుకుందాం రమ్మన్నట్టు. ఆరు గంటల్లో ఏ మణికట్టూ ఇంత బాగా మానదు. కోటు పైకెత్తి బిళ్ళ చూసింది. యాభై మూడు.

గట్టు పైన జనం కేకలు. బండి దగ్గర గడియారం చేతబట్టుకుని పందెం జడ్జి నిలబడ్డాడు. పది నిమిషాల్లో క్లచ్ ఆ కాలితో అరవై మైళ్ళ గరుకు మంచు మీద పరిగెడుతుంది. ఎక్కడా ఆగదు, నొప్పని చెప్పదు.

ఆపాలన్నది ఆలోచించాల్సిన విషయం కాదు. ఎలా ఆపాలన్నదే. డాక్టరు వద్దన్న కుక్కని వేరే కోటు తొడిగి దాటించబోయాడని ఒక్కరు అన్నా చాలు, ఎఫీమ్ పేరు ఈ నది పొడుగునా అదే మాటతో తిరుగుతుంది. పైగా మజిలీ డాక్టరు అతని మరదలు. మెల్లగా చెవిలో చెబితే, ఇద్దరూ కలిసి గుసగుసలాడారంటారు. డాక్టరు గొంతుతో గట్టిగా ఆపితే, దొంగను పట్టుకున్నట్టే అవుతుంది. ఫీనా పిస్టన్ గొలుసు విప్పి చేతికి చుట్టుకుని గట్టెక్కింది.

వంటింటి గుమ్మంలో ఓలింకా పిన్ని అంది, "ఎక్కడికే అలా? చేతికి తొడుగు వేసుకో."

"మా బావకి పెళ్ళి చూపులు" అంది ఫీనా, ఆగకుండానే.

జనం దారిచ్చారు. బండి ముందుకెళ్ళి, అందరికీ వినపడేలా మొదలుపెట్టింది.

"ఎఫీమ్ బావా, నాస్తాస్యా అక్క నీ కోటు మీద కూడా పేరు కుట్టిందా?"

"లేదే, ఎందుకూ?"

"కుట్టించుకో. లేకపోతే పందెం చివర ఎవరి మొగుణ్ణో పట్టుకుని ఇంటికెళ్ళిపోతుంది. మీ ఇంట్లో మొహాలు చూసే అలవాటు లేనట్టుంది."

జనం ఘొల్లుమన్నారు. ఎఫీమ్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

"కోటు చూసి కుక్కను గుర్తుపట్టే మొనగాణ్ణి నిన్నే చూశాను బావా. పెళ్ళిరోజున అక్కా చెల్లెలూ ఒకే రంగు బట్టలు కట్టుంటే మీ అత్తారి గతి ఏమయ్యేదో."

ఎఫీమ్ నవ్వు సగంలో నిలిచింది. ఆమె చేతిలో గొలుసు చూశాడు, గొలుసు చివర కుక్కను చూశాడు. ఈసారి మొహం చూశాడు. బండి కదలకుండా మంచులో దిగ్గొట్టిన కొక్కెం మీద కాలు గట్టిగా నొక్కి, బండి పక్కవాళ్ళకు అప్పగించి, ముందు జోడీ దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని తనూ తొడుగు తీశాడు. మేనమామ నేర్పింది అతనికీ అదేగా. రెండు మణికట్లూ పట్టుకుని ఎడమది వంచాడు. నాలుక ఒక్కసారి బయటికొచ్చి లోపలికి పోయింది.

"క్లచ్చూ" అన్నాడు. కుక్క తోక ఊపింది.

జడ్జి దగ్గరికి వచ్చాడు. ఒకప్పుడు తనూ బండి తోలినవాడే. "ఏం జరుగుతోందిక్కడ?"

అప్పటిదాకా మరదలుగా మాట్లాడిన ఫీనా ఇప్పుడు డాక్టరుగా మాట్లాడింది. "వదిలెయ్యాల్సిన కుక్క బండికుంది, వెళ్ళాల్సిన కుక్క నా చేతిలో ఉంది. కోట్లు మారిపోయాయి. బిళ్ళ నంబరు చూసి రాయడం మా డాక్టర్ల పని. మేం కోటు చూసి రాశాం."

"మేం కాదు, నేను" అంది మెరెడిత్, వెనక నుంచి తోసుకొచ్చి. ఓలింకా కోటులో ఆమె మొహం పాలిపోయి ఉంది. "కాగితం నేను రాశాను. బిళ్ళ చూడలేదు."

జడ్జి ఎఫీమ్ వైపు తిరిగాడు. "నువ్వు తెలిసే మార్చావేమోనని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు?"

"అన్ని తెలివితేటలుంటే ముందు నిద్రపోయి ఉండేవాణ్ణని చెప్పండి."

జడ్జి నవ్వలేదు. ఫీనా వైపు చూశాడు. ఆ చూపు దేనికో ఆమెకు అర్థమైంది.

"నేనితని మేనమామ కూతుర్ని. ఇందులో నా మాట లెక్కలోకి తీసుకోకండి. పొద్దున పుస్తకంలో ఏ నంబరు రాశానో చదవండి. రెండు బిళ్ళలూ చూడండి. తర్వాత మీ చేతులతో రెండు కుక్కల కాళ్ళూ పట్టుకోండి."

జడ్జి పుస్తకం తెరిచి చదివాడు. బిళ్ళలు చూశాడు. తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, మంచులో కూర్చుని, ముందు పిస్టన్‌వి, తర్వాత క్లచ్‌వి కాళ్ళు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"వెచ్చగానే ఉంది" అన్నాడు చివరికి. "తెలిసి తీసుకెళ్ళేవాడైతే ఆ కాలికి మళ్ళీ కట్టు కట్టి ఉండేవాడు." లేచి పుస్తకంలో తనూ రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. "కుక్కను మార్చుకో. గడియారం మాత్రం ఆపను."

ఏడు నిమిషాలు పట్టింది. క్లచ్ తాడు విప్పుతుంటే రానని నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి నిలబడింది. ఎఫీమ్ ఈసారి మొహం తిప్పుకోలేదు. దాని తల రెండు చేతుల్లో పట్టుకుని ఏదో చెప్పి, ఎత్తుకుని తెచ్చి ఫీనా చేతుల్లో పెట్టాడు. పిస్టన్‌ని దాని చోట, ముందు జోడీలో గేర్ అనే ముసలి ఆడకుక్క పక్కన కట్టాడు. బండెక్కాక వెనక్కి తిరిగి అన్నాడు:

"మరదలా, నా పెళ్ళి సంగతి వచ్చాక తేలుద్దాం."

"ముందు ఏ కుక్క ఏదో తేల్చుకో."

జనం నవ్వుల మధ్యే బండి గట్టు దిగి నది మీదికి వెళ్ళిపోయింది.

ఎఫీమ్ రెండోవాడుగా వచ్చాడు, మొదటివాడికి పంతొమ్మిది నిమిషాల వెనక. ఊళ్ళో ఆవిరి స్నానాల గదుల్లో వారం రోజులు ఆ పంతొమ్మిది నిమిషాల మీదే వాదన. ఏడు నిమిషాలు మజిలీలో పోయాయని కొందరు, పిస్టన్ రెండుసార్లు దారి తప్పించిందని కొందరు, క్లచ్ ఉంటే గెలిచేవాడేనని అందరూ. కావాలని కోటు మార్చాడన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. రావడానికి ముందే అది నవ్వులాటైపోయింది. ఏ ఊరి మజిలీలో చూసినా ఎఫీమ్ కనపడితే మరదలు చెప్పిన పెళ్ళిబట్టల కథే అడిగారు. అతను అడిగినవాళ్ళకల్లా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా.

పందెం అయిన నాలుగో రోజు పట్నంలో ఫీనా ఆసుపత్రికి వచ్చాడు. చలి కాటుకు రెండు బుగ్గలూ నల్లబడ్డాయి. ముందుగదిలో ఆరేడుగురు కుక్కలతో సూదుల కోసం కూర్చుని ఉన్నారు. లోపల గదిలో క్లచ్ ఎడమకాలు చెక్కపట్టీలో ఉంది. చిన్న విమానంలో ఫీనా ఒడిలో కూర్చుని వచ్చింది అది. ఎఫీమ్‌ని చూసి మూడుకాళ్ళ మీద గెంతింది.

ఫీనా ఎక్స్‌రే తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. మణికట్టులోని చిన్న ఎముక మీద గీత. వెంట్రుకంత సన్నం.

ఎఫీమ్ ఆ గీత మీద వేలు పెట్టాడు.

"అరవై మైళ్ళు" అన్నాడు.

"ఇరవై కూడా అయ్యేవి కాదు. ముక్కలయ్యేది. అప్పటిదాకా ఏమీ లేనట్టే నటించేది."

"మళ్ళీ పరిగెడుతుందా?"

"ఎండాకాలమంతా పరిగెత్తనివ్వకు. మంచు పడే వేళకి తీసుకురా, చెయ్యి పెట్టి చూసి చెప్తాను."

ఎఫీమ్ ఎక్స్‌రే ఆమె చేతిలోంచి తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. అక్కడున్నవాళ్ళంతా ఎదిగీ ఎదగనప్పట్నుంచీ ఇద్దరినీ ఎరిగినవాళ్ళే. అందరికీ కనపడేలా ఎక్స్‌రే పైకెత్తి పట్టుకున్నాడు.

"ఈ గీతను మా మరదలు వొట్టి చేత్తో పట్టుకుంది" అన్నాడు. "మా మేనమామ వాసిలీ కూతురు."

"మాకు తెలీదేంటి?" అంది ఒడిలో కుక్కపిల్లతో కూర్చున్న ముసలావిడ.

"తెలిసినా చెప్తున్నా. ఈవిడ మా మరదలు."

లోపల ఫీనా సూదిమందు నింపుకుంటూ వింటోంది. ఈసారి ఎదురుమాట వెతుక్కోలేదు. తరవాతి కుక్కను పంపమంది.